సోంబేరి గీతలు

శనివారం పొద్దున తొమ్మిది గంటలకు గుడియాత్తంలో మా మామ షెడ్డులో ఉన్నవాళ్లూ, ఉన్నవీ ఇవి. మామ, అంటే మా అమ్మకు తమ్ముడు, వయసు యాభై తొమ్మిది. అత్త, ఒళ్లో కనకాంబరాల పొట్లం. నేను. పాత మిల్లింగ్ మిషన్ ఒకటి. దాని టేబుల్ మీద ఇనుపముక్కలను బిగించే వైసులు రెండు, ఒకటి మధ్యలో, ఒకటి ఎడమ చివర. స్టూలు మీద నేను వేలూరు నుంచి సంచిలో తెచ్చినవి: డయల్ గేజి, దాన్ని నిలబెట్టే అయస్కాంతపు దిమ్మ, బోల్టులు విప్పే ఎలెన్ కీల సెట్టు, వెడల్పులు కొలిచే వెర్నియర్, గ్రీజు డబ్బా, నోట్‌బుక్కు. గోడవారన ఇంకా గాడి పడని ఇనుప దిమ్మలు పదమూడు. వాటి పక్కన గోనెసంచిలో ఇంకో పన్నెండు దిమ్మలు. ఇవి గాడి పడి, కొట్టుకు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి వచ్చినవి.

లేనిది కరెంటు ఒక్కటే. లైన్ల మరమ్మతుకని ఆ రోజు సాయంత్రం దాకా తీసేస్తామని ముందే చెప్పారు. మిషన్ విప్పడానికి అంతకంటే మంచి రోజు దొరకదని నన్ను ఆ శనివారమే రమ్మన్నారు.

రమ్మన్నది మామ కాదు, అత్త. గురువారం ఫోన్ చేసింది.

"నాయనా, నువ్వు కొలతలు తీసే ఉద్యోగం గదా చేస్తాండేది. ఈడికొచ్చి మీ మామను ఒకతూరి కొలిచిపో."

నేను వేలూరు దగ్గర ఒక కంపెనీలో తనిఖీ గదిలో పనిచేస్తాను. గదిలో ఎప్పుడూ ఇరవై డిగ్రీలే ఉండాలి. చెప్పులు బయట విడవాలి. వచ్చిన ముక్కను కొలిచి, పనికొస్తుందో రాదో ముద్ర వేయడం నా పని. ఆ ముక్కను చేసిన మనిషి ముఖం నాకు కనిపించదు. మూడేళ్లలో నేను ఎన్ని ముక్కలను వెనక్కి పంపానో లెక్క ఉంది గానీ, వెనక్కి వచ్చిన ముక్కలు ఒక ఇంట్లో ఎలా ఉంటాయో ఆ గోనెసంచి చూసేదాకా తెలియదు. అది షెడ్డు గుమ్మానికి అడ్డంగానే పడి ఉంది. దాన్ని దాటుకుని వెళ్తున్నారే తప్ప ఎవరూ పక్కకు జరపలేదు.

జరిగింది ఇది. గుడియాత్తం బజారులో మగ్గాల సామాన్ల కొట్టు నడిపే ఆమె ఒకరున్నారు. వయసుతో పని లేకుండా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. మామ చేత ఆమె నెలనెలా పన్నెండు దిమ్మలు చేయించుకుంటుంది. ఒక్కో దిమ్మలో ఎనిమిది మిల్లీమీటర్ల గాడి ఉండాలి. ఆ గాడిలో ఒక ఇనుప పట్టీ ముందుకూ వెనక్కూ జరగాలి. ఆమె దగ్గర వెర్నియర్ లేదు. చేతిసంచిలో రుమాలులో చుట్టిన పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని గాడిలో పెట్టి దిమ్మను తలకిందులు చేస్తుంది. పట్టీ జారి పడితే ఆ దిమ్మ వద్దు. వేలితో తోసినా పట్టీ కదలకపోతే అదీ వద్దు. నాకు తెలిసిన కొలత పరికరాల్లో ఇంత తక్కువ మాట్లాడేది ఇంకొకటి లేదు.

రెండు నెలలుగా ఆమె తిరగ్గొడుతోంది. సగం బిగువు, సగం వదులు. పోయిన వారం గోనెసంచి దించి చెప్పిపోయింది: "తమ్ముడూ, వచ్చే ఆదివారం సాయంత్రం వస్తా. ఈ తూరి పన్నెండూ సరిగ్గా రాలేదంటే వేలూరులో కంప్యూటర్ మిషన్ పెట్టినోళ్లకు ఇచ్చేస్తా. కోపం పెట్టుకోవద్దు."

మామకు ఇప్పుడు మిగిలిన పని దాదాపు ఇదొక్కటే. ఆమె కూడా పోతే షట్టర్ దించేసి, మిషన్‌ను పాత ఇనుము కింద ఎత్తించేస్తానని అత్తతో అన్నాడట. కోపంగా అని ఉంటే అత్త పట్టించుకునేది కాదు. అన్నం తింటూ, మామూలుగా అన్నాడట. అందుకే నాకు ఫోన్ చేసింది.

మిల్లింగ్ మిషన్ చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. తిరిగే కట్టర్ ఒకచోటే ఉంటుంది. ముక్కను పట్టుకున్న టేబుల్ దాని కింద కదులుతుంది. టేబుల్ అడుగున పొడవాటి మరచుట్ల కడ్డీ ఉంటుంది. దాని పేరు లీడ్ స్క్రూ. అది ఒక గన్‌మెటల్ నట్టులో తిరుగుతుంది. కడ్డీ చివర హ్యాండిల్, హ్యాండిల్ వెనక నూరు గీతల రింగు. ఒక చుట్టు తిప్పితే టేబుల్ ఐదు మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే ఒక గీతకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. స్క్రూ, నట్టు కొత్తగా ఉన్నంతకాలం ఇదంతా నిజం. అరిగిపోయాక, ఒకవైపు తిప్పిన హ్యాండిల్‌ను రెండోవైపుకు తిప్పితే మొదటి కొన్ని గీతలు ఉత్తినే పోతాయి. హ్యాండిల్ తిరుగుతుంది, టేబుల్ కదలదు.

మా పుస్తకాల్లో దీని పేరు బ్యాక్‌లాష్. మామ షెడ్డులో, అక్కడికి వచ్చిపోయేవాళ్ల నోట, దీని పేరు సోంబేరి, అంటే సోమరి.

"చెయ్యి పని చేస్తా ఉంటాది, టేబుల్ పండుకోనుంటాది. దాన్ని సోంబేరి అనక ఇంకేమంటారప్పా?" అంటాడు మామ.

ఆయన దానితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. గాడి కోసేది ఆరు మిల్లీమీటర్ల కట్టర్‌తో. ముందు నడుమ ఒక కోత. తర్వాత కుడికి ఒక మిల్లీమీటరు, అంటే ఇరవై గీతలు. తర్వాత వెనక్కి తిప్పి ఎడమకు రెండు మిల్లీమీటర్లు, అంటే నలభై గీతలు. వెనక్కి తిప్పేటప్పుడు ఆ నలభైకి సోంబేరి గీతలు కలపాలి. ఎన్ని కలపాలో సామాన్ల బీరువా తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాసి ఉంది. పైన తమిళ అక్షరాల్లో 'సోంబేరి'. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళ అక్షరాల్లో. కింద వరుసగా అంకెలు: 7, 10, 14, 19, 24, 30. మొదటి ఏడు, మూతపడిన ఒక ఫ్యాక్టరీ నుంచి ఈ మిషన్‌ను లారీలో తెచ్చిన రోజు కొలిచినది. ఆ తర్వాత నాలుగైదేళ్లకు ఒకసారి మామ మళ్లీ చూసి, కొత్త అంకె రాసి, చేతికి ఆ అంకె నేర్పాడు. ఇప్పుడు ఆయన చెయ్యి ముప్పై దగ్గర ఉంది. చూడకుండా తిప్పినా డెబ్బై దగ్గర ఆగుతుంది.

కొలిచే ముందు శుభ్రం చేయాలి. మాకు నేర్పిన మొదటి పాఠం అది. మామ టీ తాగడానికి వెళ్లినప్పుడు నేను కిరసనాయిలు గుడ్డతో హ్యాండిల్, రింగు, రింగు పక్కనున్న భాగం, టేబుల్ అంచులు అన్నీ తుడిచాను. అత్త ప్రతి శుక్రవారం మిషన్‌కు గంధం, కుంకుమ పెడుతుంది. ఆ బొట్లు మొత్తం పద్నాలుగు. లెక్కపెట్టి మరీ తుడిచాను. మిషన్ మెరిసింది.

మామ టీ తాగి వచ్చి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, వంగి చూసి, రింగు పక్కన వేలితో తడిమాడు.

"ఏమప్పా, నా జీరో యాడ?"

"ఏ జీరో మామా?"

"ఈడ ఒక బొట్టు ఉండె గదా."

"బొట్లన్నీ తుడిచినా. అత్త మళ్లీ పెడతాది గదా."

"పదమూడు బొట్లు దేవుడివి నాయనా. ఒకటి నాది."

రింగు మీది గీతలను దేనితోనైనా సరిపోల్చుకోవాలి. దానికోసం పక్కన, కదలని భాగం మీద, ఒకే ఒక గీత ఉంటుంది. ఈ మిషన్‌లో ఆ గీత అరచేతుల కింద ఎప్పుడో అరిగి మాయమైపోయింది. సరిగ్గా ఆ చోట శుక్రవారం బొట్టు పెట్టమని మామ అత్తకు చెప్పాడు. అది గీత అని మాత్రం చెప్పలేదు.

అత్త పూలు కట్టడం ఆపేసింది.

"నాకేం తెలుసు? 'ఆడ మాత్రం మరవకుండా పెట్టు, కొంచం గూడ జరగకూడదు' అంటా వచ్చె. ఈయనకు ఎంత భక్తి వచ్చిందో అనుకుంటి!"

"భక్తే. అది కూడా భక్తే," అన్నాడు మామ.

నేను అత్త చేత కాగితం మీద ఒక బొట్టు పెట్టించి కొలిచాను. అడ్డం ఏడు మిల్లీమీటర్లు. రింగు మీద గీతకూ గీతకూ మధ్య దూరం రెండున్నర. అంటే మామ సున్నా దాదాపు మూడు గీతల లావుంది. ఏ శుక్రవారం లావు ఆ శుక్రవారానిదే. పాత గీత అడుగు ఇంకా ఒక చివర వెంట్రుకంత మిగిలి ఉంది. దాని వెంబడి గీకుడు సూదితో సన్నటి గీత గీశాను. "ఇంక పద్నాలుగూ దేవుడికే ఇచ్చేయొచ్చత్తా," అన్నాను. అత్త నవ్వింది. మామ అద్దాలు పెట్టుకుని ఆ గీతను చాలాసేపు చూసి, "సూది మాదిరి ఉండాది. దీన్ని చూసేదానికి ఇంకో జత కండ్లు కావల," అన్నాడు.

తర్వాత కొలిచాం. డయల్ గేజి గడియారంలా ఉంటుంది. దాని ముల్లు టేబుల్‌ను తాకి, వెంట్రుకవాసి కదిలినా చెబుతుంది. హ్యాండిల్‌ను ఒకవైపు తిప్పి ఆపడం, వెనక్కి తిప్పుతూ ముల్లు కదిలేదాకా గీతలు లెక్కపెట్టడం. మధ్య వైసు కట్టర్ కిందున్నప్పుడు ముప్పై మూడు గీతలు. చివర వైసు కట్టర్ కిందున్నప్పుడు ఇరవై ఆరు. ఒక్కోచోట ఐదుసార్లు చూశాను. ఐదుసార్లూ అంతే.

"ముప్పై," అన్నాడు మామ.

"మధ్యలో ముప్పై మూడు, చివర ఇరవై ఆరు మామా."

"ఒక స్క్రూకు ఒక సోంబేరే ఉంటాది. ఇద్దరుండరు."

గోనెసంచి విప్పాను. పన్నెండు దిమ్మలనూ వెర్నియర్‌తో కొలిచి నోట్‌బుక్కులో రాశాను. ఆరింటి గాడి ఏడు పాయింట్ ఎనిమిది ఐదు దగ్గర ఉంది. ఆరింటిది ఎనిమిది పాయింట్ రెండు దగ్గర. నడుమ ఒక్కటీ లేదు. మామ ఎప్పుడూ రెండు దిమ్మలను ఒకేసారి బిగిస్తాడు, ఒక్కో వైసులో ఒకటి. లెక్క తనంతట తానే తేలిపోయింది. టేబుల్ ఎక్కువగా తిరిగేది మధ్యలోనే కాబట్టి స్క్రూ అక్కడ ఎక్కువ అరిగింది. ముప్పై మూడు కావలసిన చోట మామ చెయ్యి ముప్పై ఇచ్చింది, గాడి బిగువైంది. ఇరవై ఆరు చాలిన చోట కూడా ముప్పై ఇచ్చింది, గాడి వదులైంది.

మామ స్టూలు మీద సామాన్లు పక్కకు జరిపి కూర్చున్నాడు.

"అంటే నా చెయ్యి తప్పు చెయ్యలేదా?"

"నీ చెయ్యి ముప్పై అంటే ముప్పయ్యే ఇచ్చినాది మామా. పన్నెండుసార్లూ."

"నేను చెయ్యే పోయినాదనుకున్నానప్పా," అన్నాడు. అత్త వైపు తిరిగి, "ఏమే, ఇంకొంచం టీ పెట్టు," అన్నాడు. అప్పుడే టీ తాగి వచ్చాడు.

ఆ తర్వాత పని రెండు భాగాలు. మొదటిది సులభం. హ్యాండిల్ దగ్గర స్క్రూను పట్టుకునే బేరింగు వదులైంది. మొత్తం స్క్రూయే ముందుకూ వెనక్కూ కొంచెం జరుగుతోంది. దాన్ని విప్పి, పాత గ్రీజు గీకి, కొత్తది పెట్టి, లాక్ నట్టు బిగించాం. తొమ్మిది గీతలు పోయాయి. మధ్యలో ఇరవై నాలుగు, చివర పదిహేడు.

రెండోది నట్టు. గన్‌మెటల్ నట్టు రెండు ముక్కలుగా ఉంటుంది. రెండింటి మధ్య దూరాన్ని బోల్టులతో మార్చి, అరిగిన మరచుట్లను రెండువైపుల నుంచీ తాకేలా చేయొచ్చు. ఆ బోల్టులు టేబుల్ అడుగున, మోచేయి దాకా చెయ్యి పెడితే తప్ప అందని చోట ఉన్నాయి. మామ ప్రయత్నించాడు. మణికట్టు దాటలేదు.

"నా చెయ్యి పోయే కాలంలో ఆడ పని లేకపోయె. ఇప్పుడు పని ఉండాది, చెయ్యి పోదు. నువ్వు పెట్టు అల్లుడా. మా అక్క నీకు సరిగ్గా తిండి పెట్టనిది ఈ పొద్దుకు పనికొచ్చె."

గోనెసంచి పరుచుకుని దాని మీద పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను. ఎలెన్ కీ కాల్ చుట్టు తిప్పడం, బయటికి వచ్చి గేజి చూడడం, మళ్లీ పడుకోవడం. టేబుల్‌ను మధ్యలో నిలిపి, ఇరవై నాలుగు నుంచి పదిహేను, పదిహేను నుంచి ఏడు, చివరికి రెండుకు తెచ్చాను. లేచి నిలబడి, చొక్కా నిండా గ్రీజుతో, "రెండు గీతలు!" అని గట్టిగా చెప్పాను. కొత్త మిషన్‌లో కూడా అంత ఉండదు. అత్త చూసి, "భలే నాయనా," అంది.

మామ హ్యాండిల్ పట్టుకుని టేబుల్‌ను ఎడమ చివరకు తిప్పసాగాడు. ఎనిమిది చుట్లు తిరిగింది. తొమ్మిదో చుట్టు బరువెక్కింది. పదో చుట్టులో బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టినా కదల్లేదు.

"ఇప్పుడు సోంబేరి లేడు," అన్నాడు మామ. "మిషన్ గూడ లేదు."

ఇది నాకు కాలేజీలో చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నట్టును అరిగిన చోట కాదు, అరగని చోట సరిచేయాలి. అరిగిన మధ్యలో బిగువుగా పెడితే, లావుగా మిగిలిన చివర్లు నట్టులో పట్టవు. తెలిసీ, అంకె తగ్గుతుంటే సంబరపడి మధ్యలోనే ఆగిపోయాను. మళ్లీ పడుకున్నాను. బోల్టు వదిలాను. ఈసారి టేబుల్‌ను చివరకు తెచ్చి, అక్కడ ఒక్క గీత మిగిలేలా పెట్టాను. హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో తిరిగింది. మధ్యలో కొలిస్తే ఎనిమిది గీతలు. అంతకంటే తగ్గాలంటే స్క్రూనే మార్చాలి.

"పూర్తిగా పోదు మామా."

"పోకూడదు గూడ. లుంగీ మాదిరప్పా. ఊడిపోకూడదు, ఊపిరి ఆడకుండా గూడ ఉండకూడదు."

లుంగీలు నేసే గుడియాత్తంలో ఆ మాటకు ఎదురు చెప్పే మనిషి లేడు.

నాలుగూ నలభైకి కరెంటు వచ్చింది. మామ పదమూడు దిమ్మల్లో ఒకటి తీసి మధ్య వైసులో బిగించాడు. నడుమ కోత. కుడికి ఇరవై. వెనక్కి తిప్పాడు. చెయ్యి నున్నగా వెళ్లి, ఎప్పటిలాగే డెబ్బై దగ్గర ఆగింది. నేను రింగు చూడలేదు. కట్టర్ చప్పుడు మారితే గానీ తల తిప్పలేదు. గాడి కొలిస్తే తొమ్మిది పాయింట్ ఒకటి. పట్టీ అందులో ఊగులాడుతుంది.

ఎనిమిది కలపాల్సిన చోట చెయ్యి ముప్పై కలిపింది. ఎక్కువైనవి ఇరవై రెండు గీతలు. నేను ఆ లెక్క చెప్పడం మొదలుపెట్టేలోగా అత్తే చెప్పేసింది.

"సోంబేరి పోతా పోతా ఈయన చేతికి చెప్పేసి పోలా."

ఉన్నవి పదమూడు, కావలసినవి పన్నెండు. అదనంగా ఉన్నది ఆ ఒక్కటే. ఇంక ఒక్క దిమ్మ పోయినా ఆదివారం సాయంత్రానికి లెక్క తప్పుతుంది. మామ స్విచ్చి కట్టేశాడు. మిగతా పన్నెండూ నేను తిప్పుతానన్నాను. గేజి పెట్టుకుని, చూసుకుంటూ చేస్తే తప్పు రాదు.

"నువ్వు చేస్తే ఈ పన్నెండు వస్తాయి. వచ్చే నెల?" అన్నాడు మామ.

వచ్చే నెల నేను వేలూరులో, చెప్పులు బయట విడిచిన గదిలో ఉంటాను.

ఆదివారం ఏడు గంటలకు చివర వైసును విప్పి బీరువా కింద పెట్టాం. ఇక మధ్య ఒక్కటే, లెక్క కూడా ఒక్కటే. తర్వాత కట్టర్ తీసేసి, గేజి పెట్టి, మామ చేతికి పాఠం మొదలుపెట్టాం. కుడికి ఇరవై, వెనక్కి నలభై ఎనిమిది. ముల్లు చూసి తప్పో ఒప్పో చెప్పడం నా వంతు. లెక్క అత్తది. ఆమె పక్కనే కూర్చుని పూలు కడుతోంది. ఒప్పయితే ఒక కనకాంబరం దారంలోకి, తప్పయితే ఒకటి తట్టలో పక్కకు.

మొదటి ఎనిమిదీ పక్కకే పోయాయి. ప్రతిసారీ చెయ్యి నలభై ఎనిమిది దాటేది, మామ నాలుక కరుచుకునేవాడు.

"ఎనిమిదే!" అనేది అత్త.

"తెలుసునే!"

"నీకు తెలుసు. దానికి చెప్పు."

"ముప్పై నేర్పినప్పుడు నువ్వు ఇట్ల అరవలేదు."

"అప్పుడు నాకు చెప్పినావా? దేవుడి బొట్టు అని పెట్టించుకొంటివి. ఎనిమిదే! ఎనిమిదే అంటాండా!"

తొమ్మిదోది దారంలోకి వెళ్లింది. పదోది పక్కకు. మెల్లగా చెయ్యి దారికి వచ్చింది. ఇరవయ్యోసారికి మామ కళ్లు రింగు మీద నిలవడం మొదలైంది. నలభయ్యోసారికి మళ్లీ రింగు మీంచి లేచి, కిటికీ బయట మగ్గాల చప్పుడు వస్తున్న వైపుకు పోయాయి. అప్పుడు కూడా చెయ్యి సరైనచోటే ఆగింది. మొత్తం అరవైసార్లు. దారంలో నలభై మూడు పూలు, పక్కన పదిహేడు. చివరి పదిహేనులో ఒక్కటీ తప్పలేదు. అత్త ఆ నలభై మూడు పూల మాలను తలలో పెట్టుకుంది. పదిహేడింటిని మిషన్ మీద పెట్టింది. "తప్పులు దాని దగ్గరే ఉండనీ," అంది.

కట్టర్ బిగించి, తొమ్మిదిన్నరకు అసలు పని మొదలుపెట్టాం. మొదటి దిమ్మ గాడి ఎనిమిది పాయింట్ సున్నా మూడు. అత్త దాన్ని తీసుకుని, మొదటిది కదా అని, గంధం కుంకుమ పెట్టి వరుసలో పెట్టింది. తర్వాతివి ఒక్కోటీ కొలిచి రాశాను. సున్నా రెండు, సున్నా నాలుగు, సున్నా మూడు, సున్నా ఐదు. రెండూ ముప్పావుకు పన్నెండోది అయింది. ముగ్గురం నిలబడే చిత్రాన్నం తిన్నాం.

నాలుగింటికి కొట్టు అక్క షేర్ ఆటో దిగింది. చేతిసంచిలోంచి రుమాలు, రుమాలులోంచి పట్టీ.

"ఇదెవురు? కొలిచే అబ్బోడా?" అంది నా చేతిలో వెర్నియర్ చూసి.

"మా అక్క కొడుకు. వేలూరు నుంచి వచ్చినాడు," అన్నాడు మామ.

"వేలూరు నుంచి ఈడికి గూడ వస్తారా? నేను గుడియాత్తం నుంచి ఆడికి పోవాలనుకుంటే."

తర్వాత పరీక్ష. పట్టీ గాడిలో పెట్టడం, దిమ్మను తలకిందులు చేయడం, వేలితో తోయడం. ఒకటి. రెండు. పట్టీ పడలేదు, తోస్తే నూనె మీద నడిచినట్టు నడిచింది. మూడు, నాలుగు, ఐదు, ఆరు. మామ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కుడిచెయ్యి మాత్రం వెనకాల ఏదో తిప్పుతున్నట్టు కదులుతోంది.

ఏడోదానిలో పట్టీ సగం వెళ్లి ఆగిపోయింది.

ఆమె తోసింది. కదల్లేదు. ఇంకోవైపు నుంచి పెట్టింది. అక్కడా ఆగింది. మామ వైపు చూసింది. మామ నా వైపు చూశాడు. నేను నోట్‌బుక్కు తెరిచాను. అందులో ఆ పన్నెండింటిలో బిగువైనది ఒక్కటీ లేదు. అత్త ముందుకు వచ్చి దిమ్మను చేతిలోకి తీసుకుంది. పైన బొట్టు ఉంది, పొద్దున కోసిన మొదటి దిమ్మ అదే. గంధం కారి, గాడి గోడ మీద ఎండి గట్టిపడింది.

"ఏమే!" అన్నాడు మామ.

"మొదటి ముక్కప్పా. పెట్టక ఎట్ల?" అని చీర కొంగు తడిపి గాడి తుడిచి ఇచ్చింది అత్త. అక్క మళ్లీ పట్టీ పెట్టి తోసింది. నడిచింది. తలకిందులు చేసింది. పడలేదు.

"మీ దేవుడు గూడ సోంబేరి లేకుండా కూర్చోనుండాడమ్మా ఈ గాడిలో," అంది ఆమె. అందరికంటే గట్టిగా నవ్వింది మామ.

మిగతా ఐదూ దారికి వచ్చాయి. ఆమె పట్టీని రుమాలులో చుట్టింది. ఆటోవాడిని పిలిచి పన్నెండు దిమ్మలూ ఎక్కించింది. గుమ్మం దగ్గర ఆగి, "తమ్ముడూ, వచ్చే నెలకు ఇరవై నాలుగు కావల. రెండో కొట్టుకు గూడ," అంది.

"మిషన్ మార్చినావా ఏమి?" అని అడిగింది ఆటోలో కూర్చున్నాక.

"లేదక్కా. చెయ్యి మార్చినా."

ఆటో వెళ్లిపోయాక మామ పాత గోనెసంచిని గుమ్మంలోంచి తీసి బీరువా వెనక్కి తోశాడు. తర్వాత బీరువా తలుపు తెరిచి, పెన్సిల్ నాకు ఇచ్చాడు.

"నువ్వే రాయి. తెలుగు అచ్చరాల్లో రాయి, చూద్దాం. మా అక్క నీకు నేర్పినాదంట గదా."

తమిళ అక్షరాల పక్కన 'సోంబేరి' అని తెలుగులో రాశాను. మామ అద్దాలు పెట్టుకుని చూశాడు. ఆయనకు చదవడం రాదు.

"ఇదేనా నా సోంబేరి? గుండ్రంగా, బాగా తిని పండుకున్నట్టుండాడు."

అంకె మాత్రం అందరికీ చదవడం వచ్చు. ముప్పై కింద రాసింది: 8.